కుర్మయ్య అన్న మాట

సీరియల్ ‘పొద్దుగాల’: పదకొండో భాగం

పోయిన వారం అజ్రాను విమానాశ్రయం దారిలో ఒక పెద్ద హోటలు గేటు ముందు వదిలిపెట్టాం. ఆమె తండ్రి బర్కత్ జైలుకు వెళ్లి ఆ పొద్దుకు ఇరవై మూడు రోజులు. శంషాబాద్ బస్టాండు వెనక సందులో ముప్ఫై ఏళ్లుగా ఆయన నడుపుతున్న నాలుగు పేజీల వారపత్రిక ‘పొద్దుగాల’ మూతపడింది. ప్రెస్సు గది తలుపుకు తాళం వేసి లక్కముద్ర కొట్టారు. ఆయన మీద ఫిర్యాదు ఇచ్చింది సినిమా తార పూర్ణిమ. ఒకప్పుడు ఆడపిల్లల సర్కారు బడిలో అజ్రా పక్కన, ఒకే బెంచీ మీద కూర్చున్న మామిడిపల్లి పిల్ల. ఆ పూర్ణిమే నిన్న కబురు పంపింది. పొద్దున ఎనిమిదికి రా, ఒక్కదానివే రా అని.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, గేటు దగ్గర నిలబడ్డ అజ్రాకు హోటలే కనిపించలేదు. ఎక్కడో పైన నాలుగైదు పసుపు దీపాలు మాత్రం దేనికీ ఆనుకోకుండా గాలిలో నిలబడి ఉన్నాయి. విమానాలు దిగడం లేదు. దిగాల్సినవి మంచు పైన గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆ చప్పుడు దగ్గరికి వచ్చి, దూరమై, మళ్లీ దగ్గరికి వస్తోంది. రోడ్డు పక్కన వరసగా ఆగిన క్యాబుల్లో డ్రైవర్లు సీట్లు వాల్చుకుని నిద్రపోతున్నారు. లోకమంతా ఎవరో దుప్పటి కప్పి జోకొట్టినట్టు ఉంది.

ఈ ఊరికి మొదటి విమానం దిగిన రోజు అజ్రా, పూర్ణిమ పదో తరగతిలో ఉన్నారు. ఇద్దరూ బడి మిద్దె ఎక్కి చేతులూపారు. అందులో కూర్చున్నవాళ్లు తమను చూసి ఉంటారని పూర్ణిమ వాదించింది, అదేమీ కుదరదని అజ్రా. ఇంత చిన్న సంగతి మీద ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు.

పూర్ణిమ సహాయకురాలు వచ్చి అజ్రాను పైకి తీసుకెళ్లింది. గది చాలా పెద్దది. ఒక గోడంతా అద్దమే, అద్దం అవతల తెల్లదనం తప్ప ఇంకేమీ లేదు. మబ్బులో గది కట్టుకుని ఉంటున్నట్టు పూర్ణిమ ఆ అద్దం ముందు శాలువా కప్పుకుని కూర్చుంది. మొహానికి రంగు లేదు. నూనె రాసిన జుట్టు ముడేసుకుంది. గోడల మీద, బస్సుల మీద రోజూ కనిపించే మనిషికీ ఈ మనిషికీ పోలిక వెతుక్కోవలసి వచ్చింది అజ్రాకు. బడిలో చూసిన మొహమే నయం, తొందరగా గుర్తుకొచ్చింది.

చాయ్ వచ్చింది. ఇద్దరూ తాగలేదు. అజ్రా సంచిలోంచి ఫిర్యాదు నకలు తీసి బల్ల మీద పరిచింది. పూర్ణిమ తండ్రి కుర్మయ్య అనని మాటలు అన్నట్టుగా బర్కత్ కల్పించి, అచ్చువేసి, కుటుంబ గౌరవానికీ ప్రభుత్వానికీ హాని చేశారని అందులో ఉంది. కింద పూర్ణిమ సంతకం, పొడుగ్గా, చివర్న చిన్న మెలికతో. బడిలో నోటుపుస్తకాల వెనక సాధన చేసిన సంతకం.

“నువ్వు చూడకుండనే పెట్టి ఉంటవని మా అమ్మీ అంటది,” అంది అజ్రా. “నేను గూడ గట్లనే అనుకుంటున్న.”

పూర్ణిమ కాగితాన్ని ముట్టుకోలేదు.

“లేదు. రెండుసార్లు చదివిన. చదివినంకనే పెట్టిన.”

అజ్రా ఈ మాటకు సిద్ధపడి రాలేదు. ఇరవై మూడు రోజులుగా ఆమె రకరకాల పూర్ణిమలను ఊహించుకుంది. మోసపోయిన పూర్ణిమ, భయపడిన పూర్ణిమ, ఎవరో చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించిన పూర్ణిమ. నిదానంగా చదువుకుని పెట్టిన పూర్ణిమ ఆ ఊహల్లో ఎక్కడా లేదు.

అప్పుడు పూర్ణిమ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికో జరిగింది చెబుతున్నట్టు, అద్దం వైపే చూస్తూ చెప్పింది. రాష్ట్రాన్ని తొమ్మిదేళ్లుగా ఏలుతున్న ఆ మనిషిని జనం పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు, ‘అధినేత’ అంటారు. పూర్ణిమ మూడో సినిమాకు బహుమతి వచ్చిన రోజు ఆయన ఇంటికి పిలిచాడు. చనిపోయిన ఆమె తల్లి పేరు సక్కుబాయి అని ఆయనకు తెలుసు. ఆమె చేసే పచ్చిపులుసు గురించి కూడా అడిగాడు. ఆ రోజు కారు ఇంటికి వస్తుంటే దారిలో ఒక్క చోట కూడా ఆగలేదు, అన్ని కూడళ్లూ ఆమె కోసం తెరుచుకున్నాయి. తర్వాత ఆయన పుట్టినరోజుకు ఒక వీడియో అడిగారు. తర్వాత ఒక సభలో దీపం వెలిగించమన్నారు. తర్వాత పాట. ఆమె ఒక్కతే కాదు, హీరోలు, సంగీత దర్శకులు, ఆటగాళ్లు, అందరూ వరసలో నిలబడ్డారు. వరసలో ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్న దాని మీద పోటీపడ్డారు.

“నన్ను ఎవ్వరు బెదిరియ్యలే అజ్రా. గట్ల చెప్పుకుందామన్నా నాకు కుదరదు,” అంది. “కల లెక్క ఉండె. మంచి కల. లేవబుద్ధి కాలే.”

వార్తలకు కొత్త చట్టం వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ఏ పత్రికైనా అచ్చుకు ముందు పేజీలు ఆఫీసులో చూపించి ముద్ర వేయించుకోవాలి. విలేకరులు గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి. ఆ చట్టం మంచిదని తారలు చెబితే జనం వింటారని పూర్ణిమతో నలభై సెకండ్ల వీడియో చేయించారు. తప్పుడు వార్తల వల్ల కళాకారుల కుటుంబాలు ఎంత నలిగిపోతాయో ఆమె అందులో కళ్లనీళ్లతో చెప్పింది. ప్రతి సినిమాకు ముందు అది వేశారు. అజ్రా దాన్ని తండ్రి పక్కన కూర్చుని చూసింది. వీడియో అయ్యాక బర్కత్, పిల్లకు ఒత్తులు ఎంత చక్కగా పలుకుతున్నాయో అన్నాడు. తొమ్మిదో తరగతి వక్తృత్వ పోటీకి ముందు నెలరోజులు ప్రెస్సులో నిలబెట్టి ఆ ఒత్తులు దిద్దింది ఆయనే. గెలిచాక ఫోటో వేసింది కూడా ఆయనే, మొదటి పేజీలో.

ఆ తర్వాత మామిడిపల్లి పొలాల సంగతి వచ్చింది. గోదాముల నగరం కడతామని అధినేత ప్రకటించాడు. మా బాపు నాలుగెకరాలు అందరికంటే ముందు సంతోషంగా ఇచ్చిండని పూర్ణిమ టీవీలో చెప్పింది. బర్కత్ సైకిలు వేసుకుని కుర్మయ్య దగ్గరికి వెళ్లాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఎవరికీ పేజీలు చూపించకుండా అచ్చువేశాడు. ‘నేను ఇయ్యలేదు. గుంజుకున్నరు. నా బిడ్డ చెప్పింది అబద్ధం.’ ఆ వారం ‘పొద్దుగాల’ ప్రతులన్నీ రెండు గంటల్లో అయిపోయాయి. మూడో రోజు తెల్లారి బర్కత్‌ను తీసుకుపోయారు.

“రెండు దినాలు కూసోబెట్టి పంపిస్తరని చెప్పిన్రు. నమ్మిన,” అంది పూర్ణిమ.

అజ్రా వింటూ కూర్చుంది. బర్కత్ తన కూతురికి నేర్పిన పని అది, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆపకపోవడం.

అసలు సంగతి అప్పుడు బయటికి వచ్చింది. ఆ సాయంత్రం నాలుగింటికి ఔటర్ రింగు రోడ్డు పక్క మైదానంలో అధినేత సభ ఉంది. పూర్ణిమ పాడుతుంది. పాటకూ పాటకూ మధ్య కుర్మయ్యను వేదిక మీదికి పిలుస్తారు. భూమి ఇష్టపూర్తిగా ఇచ్చానని, పత్రికవాడు తన నోట్లో మాటలు పెట్టాడని ఆయన చెప్పాలి. చెబితే బర్కత్ బెయిలుకు సర్కారు వకీలు అడ్డుచెప్పడు. పొద్దుగూకేసరికి మనిషి ఇంట్లో ఉంటాడు.

“కుర్మయ్య కాకా ఊర్ల లేడు గద,” అంది అజ్రా జాగ్రత్తగా.

“మీ ఇంట్లనే ఉన్నడు. నాకు ఎరుకే. వీళ్లకు నేను చెప్పలే, నీ మాట వింటడని మాత్రం అన్న.”

అది నిజం. బర్కత్‌ను పట్టుకుపోయిన మర్నాడు కుర్మయ్య మామిడిపల్లి నుంచి నడుచుకుంటూ వచ్చి వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు. మాట అన్నది నేను, జైలుకు పోయింది ఆయన, ఇంట్లో నేనెట్ల పండుకుంటా అన్నాడు. అజ్రా తల్లి తస్నీమ్ ఆయనకు ముందుగదిలో మంచం వేసింది. ఊరిలో ఆయన కోసం మనుషులు తిరుగుతున్నారని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఆయన వీధిలోకి రాలేదు.

తలుపు తట్టి శ్రీకాంత్ లోపలికి వచ్చాడు. అధినేత ప్రచారం పనులన్నీ చూసే మనిషి. తెల్లటి చొక్కా, మెత్తటి గొంతు. అజ్రాకు నమస్కారం పెట్టి, నాన్నగారి ఆరోగ్యం అడిగాడు. ఆయన పత్రిక చిన్నప్పుడు తాను చదవలేకపోయినందుకు విచారం కూడా తెలిపాడు.

“మేం ఎవరికీ శత్రువులం కాదండీ అజ్రా గారూ. పెద్దాయన నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం. ఆయనకు చదవడం రాకపోయినా ఫర్వాలేదు, పూర్ణిమ గారు పక్కనుండి చెబుతుంటే ఆయన అంటే సరిపోతుందండీ.”

అతను అజ్రా చేతికిచ్చిన కాగితం మీద అయిదు వాక్యాలున్నాయి. పెద్ద అక్షరాలతో, తప్పుల్లేకుండా. అతను వెళ్లాక అజ్రా లేచి నిలబడింది. ఏమనుకుంటున్నావని స్నేహితురాలిని అడిగింది.

“నాకు తెలుస్తలేదు. నా అంతల నేను ఏమన్న అనుకుని చానా దినాలాయె.”

బయట మంచు కొద్దిగా పలచబడింది. అజ్రా ఆటో ఎక్కకుండా నడిచింది. దారి పక్క ప్లాట్ల రాళ్లు, లారీలు, టీ బండ్లు ఒక్కొక్కటిగా తెల్లదనంలోంచి బయటికి వచ్చి, ఆమె దాటిపోగానే మళ్లీ అందులో కలిసిపోతున్నాయి. కుర్మయ్యకు ఏమీ చెప్పకూడదని ఒకసారి అనుకుంది. కాళ్లు పట్టుకుని బతిమాలాలని ఒకసారి అనుకుంది. తండ్రి పొద్దుగూకే వేళకు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు ఒక్క క్షణం కళ్లముందు కనబడింది. ఎంత స్పష్టంగా కనబడిందంటే, ఎడమ చెప్పు పట్టీ తెగి ఉండటం కూడా కనబడింది. నడక ఆపి, రోడ్డు మీదే కాసేపు ఏడ్చింది. మంచులో ఎవరూ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి కుర్మయ్య, తస్నీమ్ వాకిట్లో కూర్చుని కొత్తిమీర ఒలుస్తున్నారు. పగిలిన బకెట్లలో, డబ్బాల్లో మట్టి పోసి ఆయనే పెంచాడు. పొలంలో నలభై ఏళ్లు వేసిన పంట అదే. అజ్రా ఇద్దరి మధ్యా కూర్చుని, పూర్ణిమ అన్నదీ, శ్రీకాంత్ అన్నదీ, ఏమీ దాచకుండా చెప్పింది. కాగితంలోని అయిదు వాక్యాలూ చదివి వినిపించింది. తస్నీమ్ మధ్యలోనే లేచి లోపలికి వెళ్లిపోయింది.

కుర్మయ్య వేళ్లకు అంటిన మట్టి దులుపుకున్నాడు.

“మైకు నా చేతికి ఇస్తరా?”

ఇస్తారంది అజ్రా.

“గట్లయితే పోత. గా కాయిదం మాట మాత్రం నాతోని కాదు. నాకు ఎరుకైందే చెప్త.” ఆగి, ఆమె మొహంలోకి చూశాడు. “అప్పుడు మీ అబ్బాను ఇడువరు బిడ్డా. నువ్వు వద్దంటే నేను పోను. ఈడనే కూసుంట.”

వద్దనడం ఎంత సులువో, పొమ్మనడం ఎంత కష్టమో ఆ క్షణంలో అజ్రాకే తెలుసు. లోపల కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు వినబడుతోంది. అది ఆగాక అంది.

“అబ్బా ఇంటికొస్తే ఇంట్ల అన్నం పెడ్త కాకా. లేకుంటే ఎప్పటిలెక్క ములాఖత్‌కు డబ్బా కట్టుకుని పోత. నీకు ఎరుకైందే చెప్పు.”

తస్నీమ్ బయటికి వచ్చింది. ఆమె చేతిలో బర్కత్ తెల్లచొక్కా ఉంది, పండక్కి తొడుక్కునేది, ఇస్త్రీ చేసి మడతపెట్టింది. అంతమందిలోకి ఈ మాసిన అంగీతో వెళ్లకూడదని మాత్రం అంది. కుర్మయ్య రెండు చేతులతో తీసుకున్నాడు. తొడుక్కుంటే చేతులు పొడుగయ్యాయి. తస్నీమే మడిచి పెట్టింది.

నాలుగింటికి మైదానం నిండిపోయింది. మంచు పోయి దాని స్థానంలో ధూళి వచ్చింది. వాలుతున్న ఎండ దాంట్లో పడి ఆకాశం లేత గులాబీ రంగులో మసకగా మెరుస్తోంది. పొద్దున ఆగిపోయిన విమానాలన్నీ ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి తలల మీదుగా దిగుతున్నాయి. వేదికకు కుడిపక్క విలేకరుల కోసం కుర్చీలు వేశారు. కొత్త కార్డు ఉన్నవాళ్లకే అక్కడ చోటు. వాళ్లందరి ఒళ్లోనూ ఒకే రకం కవరు, రేపటి వార్త రాసి పెట్టింది. అజ్రా కంచె ఇవతల ఆడవాళ్ల వరసలో, బస్సుల్లో వచ్చిన కూలీల మధ్య కూర్చుంది.

వేదిక మీద తెల్లబట్టల్లో తారలు ఒకే వరసలో నిలబడ్డారు. మధ్యలో అధినేత. పూర్ణిమ చెంప పక్కన సన్నటి తీగలాంటి మైకు తగిలించుకుని, చేతులు ఊపుతూ పాడింది. కనకాంబరం రంగు చీర. ఆ గొంతు మైదానం మీద పరుచుకుంటుంటే, జరిగింది తెలిసిన అజ్రాకు కూడా ఒక క్షణం హాయిగా అనిపించింది. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పాట అయ్యాక కుర్మయ్యను తీసుకొచ్చారు. అధినేత ఆయనకు శాలువా కప్పి, భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. కెమెరాల వెలుగులు మెరిశాయి. మైకు కుర్మయ్య చేతికిచ్చి, పూర్ణిమ తన చెంప పక్క మైకును అరచేత్తో మూసుకుని, రెండో చేత్తో కాగితం పట్టుకుని తండ్రి చెవి దగ్గరికి వంగింది. నెల రోజుల తర్వాత తండ్రీకూతుళ్లు అంత దగ్గరగా నిలబడటం అదే. ఆమె పెదాలు కదిలాయి. కుర్మయ్య ఆ మాట అనలేదు. మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“నా పేరు కుర్మయ్య. మాది మామిడిపల్లి. నాలుగెకరాల్ల కొత్తిమీర, పాలకూర ఏసెటోన్ని. గా భూమి నేను ఎవ్వరికి...”

మాట తెగిపోయింది. వేదిక కింద నుంచి శ్రీకాంత్ చెయ్యి ఎత్తడం అజ్రా చూసింది. మైకు చెడిందేమోనని పక్కన కూర్చున్న ఆవిడ అంది. తన గొంతు ఆగిపోయిందని కుర్మయ్యకు తెలియదు. ఆయన చెబుతూనే ఉన్నాడు. వేలమంది ముందు ఆయన పెదాలు, మడిచిన చొక్కా చేతులు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. కెమెరాలు మెల్లగా అధినేత వైపు తిరిగాయి. విలేకరుల్లో ఎవరూ లేవలేదు.

అప్పుడు మైదానంలో ఒక వింత చప్పుడు మొదలైంది. గాలి అనుకుంది అజ్రా. విమానమేమో అనుకుంది. రెండూ కాదు. ఎవరో ఊపిరి తీసి వదులుతున్నారు, వేగంగా, తడబడుతూ. ప్రతి స్పీకరులోంచీ అదే ఊపిరి. ఇంకా ఒక పాట మిగిలి ఉంది కాబట్టి పూర్ణిమ చెంప పక్క మైకును ఎవరూ ఆపలేదు, దాన్ని మూసిన అరచెయ్యి ఎప్పుడో జారిపోయింది.

పూర్ణిమ తండ్రి వైపు తిరిగింది. ఆయన ఏం చెబుతున్నాడో అంతమందిలో వినపడుతున్నది ఆమె ఒక్కదానికే. తల కొద్దిగా వంచి, బెంచీ మీద కూర్చుని పాఠం వింటున్న పిల్లలాగా, కాసేపు విన్నది. ఆ ఊపిరి ఒక్కసారి ఆగింది. మైదానం కూడా ఆగింది.

“మా బాపు ఏమంటున్నడంటే,” అంది పూర్ణిమ, స్పీకర్లన్నిటిలోంచి.

అధినేత నవ్వు ఇంకా పూర్తిగా చెదరలేదు. వేదిక కింద శ్రీకాంత్ సౌండు పెట్టెల వైపు పరుగు మొదలుపెట్టాడు. మధ్యలో అరవై అడుగుల దూరం ఉంది.